ఉప్పెనకు కులం లేదంటారు, మెరకకు ఉంది
(పల్లం నుంచి: 6వ భాగం)

పోయిన భాగం చదివి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. దివిసీమ మనిషి, ఎనభై దాటిన వయసు. మర్యాదగానే మాట్లాడారు. "మాస్టారూ, మీరు అన్నింట్లోకీ కులాన్ని తెస్తారు. 77లో ఆ రాత్రి మా డాబా మీద వంద మందికి పైగా ఉన్నారు. మాల, మాదిగ, యానాది, మేము, అందరం ఒకే పట్టా కప్పుకుని తెల్లార్లూ వణుకుతూ కూర్చున్నాం. మా నాన్న తలుపులు వెయ్యలేదు. ఉప్పెనకు కులం లేదండీ" అన్నారు.

ఆయన చెప్పింది నేను నమ్ముతున్నాను. ఆ తండ్రికి నమస్కారం కూడా పెడుతున్నాను. కానీ "ఉప్పెనకు కులం లేదు" అనే మాట ఆయనొక్కరిదే కాదు. ఏటా నవంబర్ 19 రాగానే ఈ మాట పూలదండలా బయటికొస్తుంది. ప్రకృతి ప్రకోపం అంటారు, విధి రాత అంటారు, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఆ మౌనంలో ఒక ప్రశ్న మునిగిపోతుంది. ఆ డాబా మెరక మీద ఎందుకుంది? మావాళ్లు పరిగెత్తుకుంటూ రావాల్సినంత దూరంలో, పల్లంలో ఎందుకున్నారు?

ఈ ప్రశ్నకు జవాబు 1977లో దొరకదు. ఇంకా కిందికి తవ్వాలి. అందుకే ఈ భాగం మట్టి గురించి.

1. ఈ నేల వయసెంత?

ఈ మధ్య మా డిగ్రీ పిల్లల్ని తీసుకుని గుడివాడ నుంచి బందరు మీదుగా హంసలదీవి దాకా వెళ్లాను. తెలుగు మాస్టారికి మట్టితో ఏం పని అని స్టాఫ్ రూంలో నవ్వారు. నవ్వనీ.

"అనాదిగా మా తాతముత్తాతల భూములు" అనే మాట వినకుండా ఈ డెల్టాలో ఎవరూ పెరగలేదు. భూగర్భ శాస్త్రం ఆ మాట ఒప్పుకోదు. మంచుయుగం ముగిశాక మంచు కరిగి సముద్రం పెరుగుతూ వచ్చి, సుమారు ఆరేడు వేల ఏళ్ల కిందట ఒక నిలకడకు వచ్చింది. నైలుతో సహా ప్రపంచంలోని పెద్ద డెల్టాలు చాలావరకు ఆ కాలం నుంచే పెరగడం మొదలుపెట్టాయి. కృష్ణ డెల్టాదీ అదే కథ. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో మనుషులు గోధుమ, బార్లీ పండిస్తున్న నాటికి నాగాయలంక లేదు, కోడూరు లేదు. అక్కడ సముద్రం ఉంది. అంటే ఈ దేశంలో వ్యవసాయం కన్నా దివిసీమ చిన్నది. అనాది అనే మాట ఇక్కడ చెల్లదు.

ఈ మట్టి ఎక్కడిది? మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ, దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్ మీద పారి గడ్డకట్టిన లావా రాళ్ల మీదుగా వస్తుంది. ఆ నల్లరాయి అరిగి నల్లమట్టి అయింది. దారిలో భీమా నది వచ్చి కలుస్తుంది. 1818 జనవరి 1న మహర్ సైనికులు నిలబడి పోరాడిన కోరేగావ్ ఆ భీమా ఒడ్డునే ఉంది. అదే మహాబలేశ్వరం కొండల్లో పుట్టిన సావిత్రి నది పడమరకు దిగి మహద్ పక్కగా పారుతుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నది ఆ మహద్‌లోనే. జనవరి 1న కోరేగావ్ వెళ్లడానికి చార్జీలు లేని పిల్లలకు ఒక మాట. దివిసీమలో పిడికెడు ఒండ్రు తీసి చూడండి. అందులో భీమా ఉంది.

హంసలదీవిలో ఒక స్థలపురాణం చెబుతారు. అందరి పాపాలూ కడిగి కడిగి గంగ నల్లని కాకి అయిపోయిందట. తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ కృష్ణ సముద్రంలో కలిసే చోట మునగగానే తెల్లని హంస అయిందట. మా పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది: "సార్, ఈ నేలకు అన్నం పెట్టేది నల్లమట్టే కదా, మరి నలుపు పాపం ఎట్లా అయింది?" పీహెచ్‌డీ చేసినవాణ్ణి, నా దగ్గర జవాబు లేదు.

2. ఒక అడుగు మెరక, నలభై అడుగుల నీళ్లు

నది తెచ్చిన ఇసుకను సముద్రం ఊరికే వదలదు. అలలు దాన్ని ఒడ్డుకు తోసి తీరం వెంబడి గట్టులా పేరుస్తాయి. గాలి దాని మీద ఇంకాస్త పోస్తుంది. నది మళ్లీ మట్టి తెస్తుంది, తీరం ముందుకు జరుగుతుంది, పాత గట్టు లోపల ఉండిపోయి కొత్త గట్టు లేస్తుంది. మనం ఇసుక దిబ్బలు అనేవి ఇవే. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఉపగ్రహ చిత్రం పెట్టి డెల్టాను చూడండి. తీరానికి వరసగా, ఒకదాని వెనక ఒకటి గీతల్లా కనిపిస్తాయి. సముద్రం ఒకప్పుడు ఎక్కడెక్కడ ఆగిందో ఆ గీతలు చెబుతాయి.

దిబ్బకూ దిబ్బకూ మధ్య పల్లం. అక్కడ మురుగు, చౌడు, ఉప్పునీరు.

దిబ్బ విలువ ఎత్తులోనే లేదు, నీళ్లలో ఉంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. మంచినీరు తేలిక కదా. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద దాదాపు నలభై అడుగుల లోతు దాకా మంచినీరే ఉంటుందని పుస్తకాల్లో లెక్క. గైబెన్-హెర్జ్‌బర్గ్ సూత్రం అంటారు. మా అమ్మమ్మకు ఆ పేర్లు తెలియవు. కానీ ఇసుకలో ఎక్కడ చెలమ తీస్తే తియ్యటి నీళ్లు పడతాయో, ఎక్కడ ఇంకొక మూర తవ్వితే ఉప్పు తగులుతుందో ఆమెకు చేతివేళ్లతో తెలుసు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక అడుగు మెరకకు నలభై అడుగుల నీళ్లు ఇచ్చే నేల మీద, బలం ఉన్నవాడు మొదట దేన్ని పట్టుకుంటాడు?

మా పిల్లలతో ప్రతి ఊళ్లోనూ ఒకే పని చేయించాను. ఊరి మధ్యలో రామాలయం దగ్గర నిలబడి పల్లె వైపు నడవమన్నాను. నడుస్తుంటే కాలికే తెలుస్తుంది, దిగుతున్నామని. మేం వెళ్లిన ఊళ్లలో ఒకటి రెండు తప్ప అన్నిచోట్లా దిగాం. ఊరు మెరక మీద, మాలపల్లె, మాదిగపల్లె పల్లంలో, యానాదుల గుడిసెలు కాలవగట్టు మీద. గట్టు ఎత్తే కదా అనకండి. అది ప్రభుత్వ గట్టు. పూడిక తీసిన ప్రతిసారీ ఖాళీ చేయమంటారు.

మా అమ్మ చిన్నప్పుడు ఊరి బావి దగ్గర బిందె కింద పెట్టి, ఎవరైనా వచ్చి చేద తోడి పోసేదాకా నిలబడేది. అంటరానితనం గురించి పుస్తకాల్లో మైల, శుద్ధి, ధర్మశాస్త్రం అని చదువుతాం. ఇక్కడ దానికి ఇంకో పేరుంది: తియ్యటి నీళ్లున్న ఇసుక ఎవరి చేతిలో ఉంది అనేది. మైల మాట ఆ ఇసుక చుట్టూ కట్టిన కంచె.

3. దిబ్బకు పెట్టిన పేరు

ఈ నేల మీద మనుషులు కట్టిన మెరకలూ ఉన్నాయి. ఘంటసాలలో, గుడివాడలో, ఏటికి అవతల భట్టిప్రోలులో. అవి బౌద్ధ స్తూపాలు.

రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళంలో కంటకోస్సూల అనే వర్తక కేంద్రం ఉంది. అది మన ఘంటసాలే అని చరిత్రకారులు అంటారు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో శివకుడనే మహానావికుడి పేరు కనిపిస్తుంది. ఓడలు నడిపినవాడు దానం ఇచ్చిన ఊరు. ఇప్పుడు అక్కడ నిలబడితే సముద్రపు గాలి కూడా తగలదు. తీరం జరిగిపోయింది, రేవు పొలాల మధ్య ఉండిపోయింది.

ఇక ఆ స్తూపాల దిబ్బలకు జనం నోట ఉన్న పేరేమిటి? లంజదిబ్బ. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు అధికారులు, పురావస్తు వాళ్లు వచ్చి అడిగితే ఊళ్లో చెప్పిన పేరు, వాళ్లు రిపోర్టుల్లో రాసుకున్న పేరు. ఎవరో వేశ్య మేడ అని కథ కూడా అల్లారు. భట్టిప్రోలు దిబ్బలో బుద్ధుడి ధాతువులున్న భరిణెలు దొరికాయి. వాటి మీది అక్షరాలు తెలుగు నేల మీద దొరికిన అతి పాత రాతల్లో ఒకటి. పొలం పనికి వచ్చిన మా ఆడవాళ్లను ఏ మాటతో తిట్టారో, అదే మాటను ఆ ధాతువుల మీద కూడా వేశారు. ఒక మతాన్ని చంపాక దానికి ఏ పేరు పెడతారో చూడండి. మనిషినైనా, దిబ్బనైనా హీనం చేయడానికి ఈ భాషకు ఆడదాని పేరే కావాలి.

పేరు పెట్టి ఊరుకోలేదు. గుడివాడ స్తూపం ఇటుకలు రోడ్డు పనికి పోయాయి. భట్టిప్రోలు పాలరాళ్లు వెల్లటూరు లాకు కట్టడానికి పోయాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు కాలవలొచ్చాయి, లాకులొచ్చాయి, రోడ్లొచ్చాయి, సంపద వచ్చింది. ఆ సంపద గురించి మన దగ్గర పాటలున్నాయి, సినిమాలున్నాయి. బుద్ధుడి రాళ్లను పునాదిలో పెట్టుకున్నదని ఏ పాటలోనూ లేదు.

4. ఆగిన కాళ్లు

1864 నవంబర్ 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. దాదాపు 30,000 మంది పోయారు. డచ్చి వాళ్ల సమాధులను చూపించడానికి బందరులో బోర్డు ఉంది. 1611లో ఇంగ్లీషు వాళ్లు పెట్టిన ఫ్యాక్టరీ గురించి ప్రతి పోటీ పరీక్షలో ప్రశ్న ఉంది. ఆ 30,000 మందిలో పల్లంలో ఉన్నవాళ్లెవరో చెప్పే రాయి నేను వెతికాను, నాకు దొరకలేదు.

1977 నవంబర్ 19, శనివారం. వరి కోతల కాలం. మా నాయనమ్మ ఆ ఏడు గుడివాడ వైపు నుంచి చెల్లెలితో కలిసి దివికి కోతలకు వెళ్లింది. పొలం దగ్గర తాటాకు పాకల్లో మకాం. మధ్యాహ్నం నుంచే గాలి. చీకటి పడేసరికి పాకలు లేచిపోయాయి. అందరూ ఊరి వైపు పరిగెత్తారు. ఆసామి డాబా కనిపించింది.

ఆ మాట నాయనమ్మ ఎప్పుడూ ఒకేలా చెప్పేది. "తలుపు తీసే ఉందిరా అబ్బాయ్. ఎవురూ రావద్దనలా. మేమే అరుగు దగ్గిర ఆగాం. లోపలికెళ్లొచ్చో లేదో అని. పిలుత్తారేమోనని. ఆగింది కాసేపే." ఆ కాసేపట్లో నీళ్లొచ్చాయి. నాయనమ్మకు తుమ్మచెట్టు దొరికింది. చెల్లెలికి ఏమీ దొరకలేదు.

ఫోన్ చేసిన పెద్దాయనా, మీ నాన్నగారు తలుపు తీశారు. కాదనను. మా నాయనమ్మ ముందు కూడా తలుపు తీసే ఉంది. కానీ పుట్టిన దగ్గర్నుంచి అరుగు దగ్గర ఆగమని నేర్పిన కాళ్లు, ఉప్పెన రోజున గడప దాటమంటే ఒక్కసారిగా దాటవు. ఆ నేర్పుడు ఎవరు నేర్పారు? సముద్రమా?

ప్రభుత్వం లెక్కలో చనిపోయినవాళ్లు దాదాపు 10,000. ఇంకా ఎక్కువ చెప్పే లెక్కలూ ఉన్నాయి. సొర్లగొంది లాంటి చివరి ఊళ్లలో జనంలో ఎక్కువమందిని సముద్రం తీసుకుపోయింది. నిజమే, అయిదు మీటర్ల నీరు మీదకొస్తే తీరం పక్కన ఒక మీటరు దిబ్బ ఎవరినీ కాపాడదు. అక్కడ అందరూ పోయారు. కానీ ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికొచ్చింది, లోపలికొచ్చే కొద్దీ తగ్గింది. తగ్గిన చోట ఒక మీటరు మెరక, ఒక ఇటుక గోడ, ఒక పై అంతస్తు మనిషికీ శవానికీ మధ్య తేడా. ఆ మీటరు ఎవరిదో ఉప్పెనకు ముందే రాసిపెట్టి ఉంది. పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు ఈ డెల్టాలో తిరిగి 1992లో ఒక పుస్తకం వేశాడు. ఎవరు ఎక్కువ నష్టపోతారో, ఎవరు తిరిగి లేస్తారో గాలివేగం కన్నా ఆస్తి, అప్పు, అధికారం ఎక్కువ తేలుస్తాయన్నది ఆయన చెప్పిన దాని సారం. మా నాయనమ్మ చెప్పింది కూడా అదే, కాకపోతే ఆమె పుస్తకం వెయ్యలేదు.

ఇంకో రుజువు. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుఫాను ఇదే తీరం మీద పడింది. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. అది కోతల కాలం కాదు, ఉప్పెన అంత లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. అంటే చావు సముద్రం రాసేది కాదని, సర్కారు పూనుకుంటే తగ్గేదని తేలింది కదా. మరి 1977 మృతుల్ని ఇంకా విధికి ఎందుకు అప్పజెబుతున్నాం?

5. మెరక కరుగుతోంది

ఇదంతా పాత కథ అనుకునే పిల్లల కోసం ఈ భాగం.

ఈ నేలను కట్టిన నది ఇప్పుడు కట్టడం మానేసింది. మట్టి ఆనకట్టల వెనక ఆగిపోతోంది. కృష్ణ డెల్టాకు చేరే ఒండ్రు 1966-69 నాటికి ఏడాదికి 90 లక్షల టన్నులు ఉంటే, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 1965 నుంచి 2008 దాకా కృష్ణ, గోదావరి డెల్టాల తీరం కలిపి నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. ఏడు వేల ఏళ్లు ముందుకు నడిచిన తీరం మన కళ్ల ముందు వెనక్కి నడుస్తోంది. వెనక్కి నడిచేటప్పుడు మొదట ఎవరి గుమ్మం తొక్కుతుందో వేరే చెప్పాలా?

ఇది చాలదన్నట్టు దిబ్బల్ని తవ్వుతున్నారు. బుసక అంటారు మనవాళ్లు. లేఅవుట్లకు, రోడ్లకు, మెరక చేసుకోవడానికి లారీల్లో పోతోంది. పల్లాన్ని కొన్నవాడు దిబ్బను తెచ్చి పోసుకుని మెరక చేసుకుంటాడు. దిబ్బ పక్కన ఉన్నవాడికి గుంట మిగులుతుంది. ఇందాకటి లెక్క తిప్పి చూడండి. ఇసుక తీసి నీటిమట్టం ఒక అడుగు దిగితే కింద నలభై అడుగుల మంచినీరు పోతుంది. లారీలో వెళ్తున్నది ఇసుక అనుకుంటున్నాం. వెళ్తున్నది చెలమ.

రొయ్యల చెరువుల సంగతి. తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువుల్ని తీసెయ్యమని 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి దారి తెరిచింది. చెరువులో ఉప్పునీరు పెడితే గట్టు దాటి పక్క కయ్యలోకి ఊరుతుంది. పక్క కయ్య ఎవరిది? చాలాచోట్ల ఎసైన్‌మెంట్ పట్టా ఉన్న మాల, మాదిగ రైతుది. చౌడు కాబట్టే అది అతనికి ఇచ్చారు. పండించుకున్నాక ఉప్పు పెట్టి మళ్లీ చౌడు చేశారు. చివరికి లీజు కాగితం మీద వేలిముద్ర.

ఎసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది కూడా ఆ 1977లోనే. 2023లో దానికి సవరణ చేసి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూమిని అమ్ముకునే హక్కు ఇచ్చారు. హక్కు అనగానే మన వాళ్లలోనూ కొందరు చప్పట్లు కొట్టారు. అమ్ముకునే హక్కు పేదవాడికి ఇచ్చారంటే, కొనుక్కునే హక్కు ఎవరికి ఇచ్చినట్టు? తపసిపూడి దగ్గర పోర్టు పనులు మొదలయ్యాక ఆ కొనేవాళ్లెవరో తీరంలో అందరికీ తెలుసు. నేను పోర్టుకు వ్యతిరేకిని కాను. మా పిల్లలకు ఉద్యోగాలు కావాలి. నేను అడిగేది ఒకటే. పోర్టు కోసం మెరక చేసే లెక్కలో పల్లె ఉందా?

6. ఆది ఎవరు?

1917 నవంబర్‌లో బెజవాడలో మనవాళ్ల సభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. పూనుకుని ఏర్పాటు చేసినవారిలో గుడివాడ గూడూరు రామచంద్రరావు ఉన్నారు. పంచములం కాము, ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించింది. ఆ మాట మీద నాకు చాలాకాలం అనుమానం ఉండేది. ఏడు వేల ఏళ్ల నేల మీద ఆది ఎవరు, అందరూ తర్వాత వచ్చినవాళ్లే కదా అని.

మొన్న హంసలదీవి ఇసుకలో నిలబడ్డాక నాకొకటి అర్థమైంది. ముందెవరొచ్చారన్నది ఇక్కడ హక్కుకు కొలత కానే కాదు. నది మట్టి తెచ్చి పడేస్తే అది పొలం అయిపోదు. మడ నరికి, గట్టు పోసి, ఉప్పు కడిగి, మురుగు తీసి, తరాల తరబడి నడుం వంచితే అయింది. మట్టి నదిది. పొలం చేసిన చేతులు మావి. ఆ చేతుల వాళ్లకు ఆ పొలంలో ఎత్తయిన చోటు మాత్రం దక్కలేదు. ఆది అన్న మాటను నేనిప్పుడు అలా చదువుకుంటున్నాను.

పెద్దాయనా, మీ డాబా మీద ఆ రాత్రి కులం లేదన్నారు. ఉండకపోవచ్చు. తెల్లారాక అందరూ కిందికి దిగారు. మీరు మీ ఇంట్లోకి దిగారు. మావాళ్లు మళ్లీ పల్లంలోకి దిగారు. నేను అడుగుతున్నది ఆ తెల్లవారి గురించి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊరు వెళ్లినప్పుడు రామాలయం నుంచి పల్లె దాకా నడవండి. ఎంత దిగారో ఫోన్‌లో కొలవకండి, ఈ చదును నేల మీద ఒక మీటరు తేడాను అది పట్టుకోలేదు. నీళ్లు నింపిన పారదర్శక గొట్టం తీసుకుని ఇద్దరు చెరో కొస పట్టుకోండి, తాపీ మేస్త్రీలు లెవెల్ చూసుకున్నట్టు. తుఫాను షెల్టర్ ఎవరి ఇళ్లకు దగ్గరో, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో రాసుకోండి. మంచినీళ్ల ట్యాంకు, చేతిపంపు ఏ వైపున్నాయో రాసుకోండి. ఊరి పేరుతో, అడుగుల లెక్కతో నాకు పంపండి. వచ్చే నవంబర్ 19న రెండు నిమిషాల మౌనం పాటించే వాళ్ల ముందు ఆ లెక్కలు చదువుదాం.

పల్లెకు మెరక కావాలి. ఇళ్ల పట్టా అంటే చౌడు గుంటలో సెంటున్నర కాదని, ఎంత ఎత్తున ఇస్తారో కాగితం మీద రాయాలని అడుగుదాం.

వచ్చే భాగంలో కొల్లేరు పల్లానికి వెళ్దాం.

జై భీమ్.